ఖాళీ డబ్బా వైద్యం

“లోపలిది తీసి పారేద్దాం సార్, బండికి ఊపిరాడుతుంది.”

ఈ వాక్యాన్ని గడిచిన పదిహేను రోజుల్లో నేను ఏడుగురి నోట విన్నాను. వారిలో నలుగురు మెకానిక్కులు, ఇద్దరు బంధువులు, ఒకరు మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి. లిఫ్టుకు ఏ రంగు వేయించాలన్న విషయంలో నాలుగేళ్ళుగా ఏకాభిప్రాయానికి రాలేని కార్యదర్శిగారు కూడా, కారు పొగలోని విషాన్ని తగ్గించే డబ్బాను, అంటే క్యాటలిటిక్ కన్వర్టరును, ఏం చేయాలన్న ప్రశ్నకు క్షణమైనా తడుముకోలేదు.

రోగి వివరాలు చెప్పాలి. 2011 నాటి జర్మన్ కారు, ఆరు సిలిండర్లు, పెట్రోలు. మూడో చేతి మీదుగా ఆరున్నర లక్షలకు నా వాకిట్లోకి వచ్చింది. కొంతకాలానికి మీటరు పక్కన పసుపు దీపం వెలిగింది, కారు వెనక కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదలైంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అంటే ఏమిటో నాకు అప్పుడు అనుభవానికి వచ్చింది. స్కానరు పీ0420 అన్నది, అంటే కన్వర్టరు సరిగా పనిచేయడం లేదని. పెద్ద సర్వీస్ సెంటరులో నాకు ముందు కాఫీ ఇచ్చి, తరువాత ఏసీ పెంచి, ఆ పైన ఎస్టిమేటు చేతిలో పెట్టారు: రెండు కన్వర్టర్లకు 4,80,000 రూపాయలు, పన్నులు అదనం. ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి తీయడాన్ని మన పెద్దలు ఎందుకు వెక్కిరించారో అప్పుడు తెలిసింది. 

న్యాయంగా ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ఈ డబ్బా తనంతట తాను చావడం అరుదు. పెట్రోలును అంటించే నిప్పురవ్వకు కరెంటునిచ్చే ఇగ్నిషన్ కాయిల్ ఒకటి పాడై, ఒక సిలిండరులో పెట్రోలు కాలకుండానే పొగగొట్టంలోకి పోతూ ఉంటే, అది డబ్బాలోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ తేనెతుట్టె కరిగి, పగిలి, ముక్కలవుతుంది. అప్పుడు దీపం నిలకడగా వెలగదు, టపటపా కొట్టుకుంటుంది. వెంటనే కారు ఆపమని దాని అర్థం. నేను రెండు నెలలపాటు దాన్ని కారు చూపించే ఉత్సాహం అనుకున్నాను.

ఇక షెడ్డు. కారును లిఫ్టు మీదికెత్తి, మేస్త్రి స్పానరు పిడితో డబ్బా మీద తట్టగానే లోపల గవ్వలు కదిలినట్టు గలగలమంది. ఆ శబ్దానికి పక్క షెడ్లవాళ్ళందరూ పెళ్ళిమేళం విన్నట్టు వచ్చేశారు. ఒకరు గడ్డపలుగు తెచ్చారు. మరొకరు దాన్ని ఏ వైపు నుంచి దించితే తుట్టె త్వరగా రాలుతుందో సోదాహరణంగా వివరించారు. “మరి డబ్బా పనితీరును కనిపెట్టే వెనక సెన్సరు ఊరుకుంటుందా?” అని నేను అమాయకంగా అడిగాను. దానికీ మందు ఉంది: సెన్సరుకూ గొట్టానికీ మధ్య ఒక చిన్న మర బిగిస్తే, అది పొగకు దూరంగా కూర్చుని అంతా బాగుందని చెబుతుందట. అదీ పనిచేయకపోతే ల్యాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్రవాడు వస్తాడు. ఆ ప్రశ్నే అడగవద్దని కారు కంప్యూటరుకు నచ్చజెప్పి వెళతాడు. మా బావమరిది ఆనందం పట్టలేక, “బావా, పడిశం వదిలిన ముక్కులా ఉంటుంది చూడు!” అన్నాడు.

ఇంతలో తుక్కు వ్యాపారి తరాజుతో ప్రత్యక్షమయ్యాడు. ఆయనకు కబురెవరు పెట్టారో ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఏడుగురూ ‘అనవసరపు అడ్డు’ అని తేల్చిన ఆ పెంకులకు ఆయన పన్నెండు వేలు ఇస్తానన్నాడు. వాటి మీద పూతగా ఉన్నది ప్లాటినం, పల్లాడియం, రోడియం అని ఆయనకు తెలుసు. 2021లో ఔన్సు రోడియం ఇరవై వేల డాలర్లు దాటిన సంగతి కూడా ఆయనకు తెలిసే ఉంటుంది. ఆ షెడ్డు మొత్తంలో ఆ వస్తువుకు మర్యాద ఇచ్చిన మనిషి ఆయన ఒక్కడే.

“ఖాళీ డబ్బాతో పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా వస్తుంది?” అన్నాను. అందరూ నన్ను జాలిగా చూశారు. పెట్రోలు బంకు పక్కన వ్యాను దగ్గరికి తీసుకువెళ్ళారు. పరీక్షించే గొట్టం మేకుకు వేలాడుతున్నది. దాని మీద సాలీడు కాపురం పెట్టింది. వ్యానులోని మనిషి నంబరు ప్లేటు ఫోటో తీశాడు. ఇంజిను ఆపే ఉన్నది. కాగితం బయటికి వచ్చింది: కార్బన్ మోనాక్సైడు 0.12 శాతం. నా కారు తరగతికి పరిమితి 0.3. ఆపి ఉంచిన ఇంజినుకు ఆ పాటి విషం కూడా ఎందుకు ఆపాదించాడో అతన్నే అడగాలి. ఏడాదిపాటు చెల్లుతుంది. ఈ డబ్బా అరికట్టవలసిన నైట్రోజన్ ఆక్సైడుల ఊసు అందులో లేదు. గొట్టం నిజంగా పెట్టినా ఉండదు, ఎందుకంటే పెట్రోలు కార్లకు ఆ పరీక్షలో వాటిని అడగనే అడగరు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఈ డబ్బాను తప్పనిసరి చేశారు. సీసం తగిలితే ఇది చస్తుందని సీసం లేని పెట్రోలు తెచ్చారు. 2000 నాటికి సీసం పెట్రోలును దేశమంతటా ఆపేశారు. ఒక డబ్బా కోసం ఒక దేశం తన ఇంధనాన్నే మార్చుకుంటే, మనం గడ్డపలుగుతో పది నిమిషాల్లో దాని కథ ముగించేస్తున్నాం! సిగ్నల్ దగ్గర నా కారు వెనక ఆగే స్కూటరు మీద, తండ్రి కాళ్ళ మధ్య నిలబడిన నాలుగేళ్ళ పిల్ల ముఖం నా పొగగొట్టానికి ఎంత దూరంలో ఉంటుందో ఎవడైనా చూశాడా? బండికి ఊపిరాడాలట! ఆ పిల్లకు ఆడనక్కరలేదా? లక్షలు పోసి తోలు సీట్లలో, అద్దాలు ఎత్తుకుని, ఏసీలో కూర్చున్నవాడు తన విషాన్ని చేటెడు తోటివాడి ముఖాన కుమ్మరించి, పైగా సర్టిఫికెట్ చూపిస్తాడు. సిగ్గు లేదు మనకు.

నేను ముందు కాయిళ్ళూ ప్లగ్గులూ మార్పించాను. లేకపోతే కొత్తది కూడా పాతదాని దారినే పోతుంది. తరువాత బయటి సరఫరాదారు దగ్గర అదే ప్రమాణానికి తయారైన జత ఒకటి 1,90,000కు తెప్పించి బిగించాను. దీపం ఆరింది, వాసన పోయింది. బావమరిది నాతో మాట్లాడడం మానేశాడు. కార్యదర్శిగారు లిఫ్టులో కలిసినప్పుడు నా ఆరోగ్యం గురించి అడుగుతున్నారు. తుక్కు వ్యాపారి మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు. పాత డబ్బాలకు పదమూడున్నర దాకా వచ్చాడు.