మీ ఊరి గొంతు రెడీమేడ్‌గా దొరుకును

కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లే తమ కోసం నడుపుకునే చిన్న రేడియో స్టేషన్, లైసెన్సుకి అప్లై చేద్దామనుకునే సంస్థలకి శుభవార్త ఏంటంటే, మీ ఊరి జనానికి ఏం కావాలో మీరు వీధులెంట తిరిగి కనుక్కోవాల్సిన పన్లేదు, అప్లికేషన్లు రాసిపెట్టే కన్సల్టెంటు గారి ల్యాప్‌టాప్‌లో ఆల్రెడీ ఉంది. ఊరి పేరు దగ్గర చుక్కలుంటాయి, అక్కడ మీ ఊరి పేరు పడుతుంది, మీ డబ్బులు ఆయనకి పడతాయి.

ఆ ఫైలు ఏ ఊరికైనా పట్టేస్తుంది. మత్స్యకారుల సంఘం వెళ్లిందనుకోండి, ప్రోగ్రాముల లిస్టులో ఉదయం ఆరింటికి "మిరపలో తామర పురుగుల నివారణ" అని వస్తుంది. సార్, మాకు చేలు లేవు, సముద్రమే అంటే, "ఢిల్లీలో ఈ ఫైలు చదివేవాళ్లకి మీ సముద్రం కనపడుతుందా ఏంటండీ, ఉంచేయండి" అంటారు. సాయంత్రం "గిరిజన కళావైభవం". మా దగ్గర గిరిజనులు లేరండీ. "ఉంటే ఫైలుకి వెయిట్ కదా!" జనం అవసరాల మీద సర్వే కూడా రెడీ, రంగుల గ్రాఫులతో సహా, ఊళ్లో కాలు పెట్టకుండానే. సగం ప్రోగ్రాములు అక్కడివాళ్లే తయారు చెయ్యాలని రూలు ఉందిగా, దానికీ ఆయనే టిక్కు పెట్టేస్తారు.

ఇక లైసెన్సుకి హోం శాఖ, రక్షణ శాఖ కూడా సరేననాలి. స్టేషన్ పవర్ 100 వాట్లు. బాత్రూంలో గీజర్ దానికి ఇరవై రెట్లు లాగుతుంది, పాపం దేశభద్రతకి దానివల్ల ఏ ఢోకా లేదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజలంటే ముందు కాలేజీలన్నమాట, 2002లో వాళ్లకి తలుపు తీశారు, ఊరి సంఘాలకి 2006 దాకా అప్లై చేసే వీల్లేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడవాళ్లు 1990ల చివర్లోనే స్టూడియో పెట్టుకున్నారు, గాల్లోకి వదలనివ్వకపోతే విత్తనాల గురించి, వైద్యం గురించి తమ మాటల్లోనే క్యాసెట్లకెక్కించి సంఘం మీటింగుల్లో వినిపించుకున్నారు, వాళ్ల "సంఘం రేడియో" ప్రసారం మొదలైంది 2008 అక్టోబరులో. అన్నేళ్లు ఆపారయ్యా వాళ్లని! అంత పని చేసి చూపించినవాళ్లని కూచోబెట్టి, ఇప్పుడేమో ఊరి మొహం చూడనివాడు రాసిచ్చిన కాగితాలకి స్టాంపులేస్తారా, సిగ్గు లేదా అసలు?

సరే, లైసెన్సు వచ్చిందే అనుకుందాం. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు. చెరువు శిఖం భూమి ఎవడు కబ్జా చేశాడో ఊరందరికీ తెలుసు, ఊరి రేడియోకి తప్ప.