అమెరికా అధ్యక్షుణ్ణి టీవీ చర్చ నిర్ణయిస్తుందా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: అమెరికాలో అధ్యక్షుణ్ణి నిర్ణయించేది టీవీ చర్చే, 1960లో రేడియో విన్నవాళ్ళు నిక్సన్ నెగ్గాడనుకున్నారు, టీవీ చూసినవాళ్ళు కెనడీని గెలిపించారు, 1980లో రీగన్ ఒక్క ప్రశ్నతో కార్టర్‌ను ఓడించాడు, 2024లో ఒక్క రాత్రిలో బైడెన్ కథ ముగిసింది, కాబట్టి మన ముఖ్యమంత్రి అభ్యర్థులను కూడా ఒకే వేదిక మీద నిలబెడితే డబ్బు, మద్యం, కులం పక్కకు పోయి సమర్థుడే గెలుస్తాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి కనుక, అక్కడి ఎన్నికల గురించి ఎవరేం చెప్పినా ఇక్కడ తేలికగా నమ్ముతారు. సందేశం రాసినవారి ఉద్దేశం మంచిదే. అయినా వారు చూపిన ఉదాహరణలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, ఆ వాదన నిలవదు.

మొదట 1960 సంగతి. సెప్టెంబర్ 26న షికాగోలో జరిగిన తొలి చర్చను ఆరున్నర కోట్లకు పైగా జనం చూశారన్నది నిజం. మోకాలి బాధతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ తెర మీద చిక్కిపోయి కనిపించాడన్నదీ, ఆ తర్వాత సర్వేల్లో కెనడీ కొంచెం ముందుకు వచ్చాడన్నదీ నిజమే. అయితే ఆ ఏడాది జరిగిన చర్చలు నాలుగు. సందేశానికి గుర్తున్నది ఒకటే. పైగా నవంబర్ 8న పోలైన దాదాపు 6.9 కోట్ల ఓట్లలో ఇద్దరి మధ్య తేడా లక్షా పదమూడు వేలు కూడా లేదు, అంటే నూటికి 0.2 కన్నా తక్కువ. అంత స్వల్ప తేడాతో తేలిన ఎన్నికలో దేన్ని పట్టుకున్నా గెలుపుకు అదే కారణమని చెప్పవచ్చు. ఆ ఏడాది మొదలైన ఆర్థిక మాంద్యం, లిండన్ జాన్సన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెట్టుకోవడం వల్ల దక్కిన టెక్సాస్, కాథలిక్కుల ఓట్లు, మార్టిన్ లూథర్ కింగ్ జైలులో ఉన్నప్పుడు ఆయన భార్యకు కెనడీ చేసిన ఫోన్, ఇవన్నీ అదే తూకంలో ఉన్నాయి. వీటిలో టీవీని మాత్రమే ఏరి చూపడానికి ఆధారమేమిటో సందేశం చెప్పదు.

రేడియో శ్రోతల కథను మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే సందేశానికి అసలు బలం అదే. దానికి ఆధారం సిండ్లింగర్ అనే సంస్థ చేసిన ఒక టెలిఫోన్ సర్వే. అందులో చర్చను రేడియోలో మాత్రమే విన్నవారు మూడు వందల మంది కూడా లేరు. చర్చకు ముందు వారు ఎవరి పక్షమో తెలియదు. అప్పటికే అమెరికాలో పదింట తొమ్మిది ఇళ్ళకు టీవీ వచ్చేసింది. రాని ఇళ్ళు ఎక్కువగా గ్రామీణ ప్రాంతాలవి, కాథలిక్ అభ్యర్థిని మొదటి నుంచీ అనుమానంగా చూసిన ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవి. నిక్సన్ మీద ముందే మొగ్గు ఉన్నవారు చర్చ విని నిక్సన్ బాగా మాట్లాడాడంటే, అందులో రేడియో మహిమ ఎంతో, పాత అభిమానం ఎంతో విడదీయలేము. దృశ్యానికి ప్రభావమే లేదని నేను అనడం లేదు. 2003లో జేమ్స్ డ్రక్‌మన్ అనే రాజనీతి శాస్త్రవేత్త అదే చర్చను కొందరికి చూపించి, మరికొందరికి వినిపించి చేసిన ప్రయోగంలో, చూసినవారిలోనే కెనడీ నెగ్గాడన్నవారు ఎక్కువగా తేలారు. కానీ చర్చలో ఎవరు నెగ్గారో చెప్పడం వేరు, ఓటు మార్చుకోవడం వేరు. సందేశం పొడవునా ఈ రెండూ కలిసిపోయాయి.

1980 ఉదాహరణ ఇంతకన్నా గట్టిది. అప్పటి అధ్యక్షుడు కార్టర్‌కు, పోటీదారు రీగన్‌కు మధ్య ఏకైక చర్చ అక్టోబర్ 28న, పోలింగ్‌కు సరిగ్గా వారం ముందు, క్లీవ్‌లాండ్‌లో జరిగింది. నాలుగేళ్ళ కిందటి కన్నా మీ పరిస్థితి ఇప్పుడు మెరుగ్గా ఉందా అని రీగన్ ప్రజలను అడిగాడు, ఆ తర్వాత 44 రాష్ట్రాలు గెలిచాడు. అంతవరకు కాదనడానికి లేదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు స్టూడియోలో పుట్టలేదు. ఆ ఏడాది ధరల పెరుగుదల 13 శాతం దాటింది. టెహ్రాన్‌లో 52 మంది అమెరికన్లు ఇంకా బందీలుగానే ఉన్నారు. పోలింగ్ జరిగిన నవంబర్ 4 వారు పట్టుబడిన రోజుకు సరిగ్గా ఏడాది. కొట్టుకు వెళ్ళిన ప్రతిసారీ ఆ జవాబు చెప్పుకుంటున్నవారికి రీగన్ ప్రశ్న మాత్రమే అందించాడు. ధరలు నిలకడగా ఉండి, బందీలు ఇంటికి చేరి ఉంటే, అదే ప్రశ్న కార్టర్‌కు మేలు చేసేది.

ఇక సందేశం అసలు ప్రస్తావించని ఎన్నికలు ఉన్నాయి. 2004లో గాలప్ సర్వేల ప్రకారం మూడు చర్చల్లోనూ కెరీదే పైచేయి, గెలిచింది బుష్. 2012 తొలి చర్చలో రోమ్నీ నెగ్గాడన్నవారు 72 శాతం, ఒబామా అన్నవారు 20 శాతం, గెలిచింది ఒబామా. 2016లో మూడు చర్చల్లోనూ హిల్లరీ క్లింటన్ నెగ్గిందని చూసినవారిలో ఎక్కువమంది చెప్పారు, తొలి చర్చను 8.4 కోట్ల మంది చూశారు. దేశం మొత్తం మీద ట్రంప్ కన్నా 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, అక్కడ ఫలితం రాష్ట్రాలవారీ లెక్కతో తేలుతుంది కనుక ఆమె అధ్యక్షురాలు కాలేదు. నచ్చిన రెండు మూడు సంవత్సరాలను ఏరుకుని, మిగిలినవాటిని వదిలేసి సూత్రం చెప్పడం సరైన పద్ధతి కాదు.

2024 గురించి సందేశం చెప్పినదానిలో సగం ఒప్పుకోవాలి. జూన్ 27న అట్లాంటాలో తడబడిన బైడెన్ జూలై 21న పోటీ నుంచి తప్పుకున్నాడు. టీవీ చర్చ అంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భం అమెరికా చరిత్రలో మరొకటి లేదని నా అభిప్రాయం. కానీ ఆ మార్పు ఓటర్లు పక్షం మారడం వల్ల జరగలేదు. సర్వేల్లో కదలిక కొద్దిపాటిదే. సొంత పార్టీ నాయకులు, విరాళాలు ఇచ్చేవారు నమ్మకం కోల్పోవడం వల్ల జరిగింది. అంటే చర్చ అభ్యర్థిని మార్చింది. ఫలితాన్ని మార్చిందా అంటే, సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో జరిగిన చర్చ జవాబు చెబుతుంది. దాన్ని 6.7 కోట్ల మంది చూశారు, బైడెన్ స్థానంలో పోటీకి దిగిన కమలా హారిస్‌దే పైచేయి అని సర్వేలు స్పష్టంగా చెప్పాయి, నవంబర్‌లో మాత్రం ట్రంప్ ఏడు కీలక రాష్ట్రాలనూ గెలుచుకున్నాడు.

ఇలా ఎందుకు జరుగుతుందన్నది అర్థం కానిదేమీ కాదు. తొంభై నిమిషాల చర్చను ఓపికగా చూసేవారిలో ఎక్కువమంది రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవారు, అంటే ముందే ఒక పక్షం ఎంచుకున్నవారు. కరోలిన్ లె పెన్నెక్, విన్సెంట్ పోన్స్ అనే ఆర్థికవేత్తలు 1952 నుంచి 10 దేశాల్లో జరిగిన 62 ఎన్నికలను, 56 టీవీ చర్చలను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెబుతోంది. చివరి రెండు నెలల్లో మనసు నిర్ణయించుకునే ఓటర్లు తక్కువేమీ కాదు, కానీ ఆ నిర్ణయం మీద టీవీ చర్చల ప్రభావం వారికి కనిపించలేదు.

చివరిది మన ప్రాంతానికి సంబంధించిన మాట. మనం రాష్ట్రపతికి ఓటు వేయము, ముఖ్యమంత్రికి కూడా నేరుగా వేయము. 119 నియోజకవర్గాల్లో ఒక్కొక్క ఎమ్మెల్యేను ఎన్నుకుంటాము. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని 14 స్థానాల్లో 2018లో టీఆర్‌ఎస్ 13 గెలిస్తే, 2023లో కాంగ్రెస్ 12 గెలిచింది. పాత నల్లగొండలో 12కు 11 కాంగ్రెస్ తీసుకుంది. నాయకుల మధ్య ఒక్క ముఖాముఖి చర్చ కూడా లేకుండానే ఇంత మార్పు వచ్చింది. టీవీ కెమెరాలుంటే డబ్బు, మద్యం ఆగుతాయన్న ఆశకు కూడా ఆధారం లేదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఛానళ్ళు వారాల తరబడి అక్కడే మకాం వేశాయి. డబ్బు, మద్యం పంపిణీ ఆరోపణలు దేశమంతా వినిపించింది కూడా ఆ ఎన్నిక గురించే.

అయినా మన అభ్యర్థుల మధ్య చర్చ జరగాలని నేనూ కోరుకుంటాను, కాకపోతే వేరే కారణానికి. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యేలా చేస్తే తప్ప ఫ్లోరైడ్ నీళ్ళ గోడు దేశానికి వినిపించలేదు. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల ఏ ఏడాదికి పూర్తవుతుందో, 2025 ఫిబ్రవరిలో కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం విషయంలో ఏం చేస్తారో, అందుకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో అభ్యర్థులందరినీ కూర్చోబెట్టి అడగాలి, వారి జవాబులను రికార్డు చేసి ఐదేళ్ళూ అందరికీ అందుబాటులో ఉంచాలి.