ముక్కు కుక్కదే, గాలి సంగతి మాత్రం మీరు చూసుకోవాలి

అమెరికాలోని సౌత్ డకోటాలో ఫెజెంట్ అనే పక్షి వేట సీజన్ జనవరి 31 దాకా ఉంటుంది. డిసెంబరులో మంచు పడిందంటే చాలు, ఏటా ఒకటే గోల: "మా కుక్క ముక్కు పనిచేయడం లేదండీ." దాని ముక్కుకేం కాలేదు మహాప్రభో. గాలివాటంగా దాన్ని తోలింది మీరు. గాలి వెనక నుంచి కొడుతుంటే దానికి తగిలేది మీ చెమట కంపే. పైగా మీ బూట్ల చప్పుడు మీకంటే ముందే పక్షికి చేరుతుంది.

ఫెజెంట్ మన నెమలికీ అడవికోడికీ చుట్టమే. (ఇది చదివి అడవికోడి మీదకు బయల్దేరకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర అది నేరం.) ఎగరడం కన్నా పరుగుకే దాని మొగ్గు. జనవరి దాకా బతికిన పుంజు అంటే అప్పటికే బోలెడు కుక్కల్ని ఏమార్చిందన్నమాట. చలి ముదిరితే పలచటి గడ్డిలో ఉండదు, గడ్డకట్టిన మడుగుల్లో దట్టంగా పెరిగిన జమ్ములో దూరుతుంది. పొద్దున మేతకు మొక్కజొన్న చేలకు వెళ్లి, పొద్దు వాలే ముందు మళ్లీ జమ్ములోకే వస్తుంది. చివరి గంట బంగారం అనేది అందుకే.

కాబట్టి మడుగుకు గాలి దిగువ వైపున బండి ఆపండి, అదీ దూరంగా. తలుపు ధడేలున వేయొద్దు. విజిల్ వద్దు, కుక్కను పేరు పెట్టి అరవడం అసలే వద్దు. గాలికి ఎదురుగా, అడ్డంగా మలుపులు తిరుగుతూ నడవండి. అవతలి కొసన ఒకరిద్దరు ముందే వెళ్లి కిక్కురుమనకుండా నిలబడాలి, లేకపోతే పుంజులన్నీ అటునుంచి జారుకుంటాయి.

ఎముకలు కొరికే పొడి చలిలో వాసన గాలిలోకి సరిగా లేవదు. లాబ్రడారైనా, షార్ట్‌హెయిర్ జాతి వేటకుక్కైనా పక్షికి బాగా దగ్గరైతే గానీ పసిగట్టలేదు. అలాంటి రోజు సగం వేగంతో నడవాలి. కొత్త మంచు పడ్డ మర్నాడు పక్షి దాని కిందే నక్కి ఉంటుంది, కుక్క పక్కనుంచే వెళ్లిపోవచ్చు. అడుగులు ఆగిపోతే పుంజుకు గుండె దడ, ఉండబట్టలేక పైకి లేస్తుంది. అందుకే పది అడుగులకోసారి ఆగండి. కొద్దిపాటి తేమ, నెమ్మదైన గాలి ఉన్న రోజు మాత్రం కుక్కకు పండగే.

కుక్క పాదాల సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. వేళ్ల సందుల్లోని వెంట్రుకలకు తడిమంచు పట్టి శనగగింజంత మంచుగుళ్లవుతాయి. వెంట్రుకలు ఎక్కువుండే స్ప్రింగర్ జాతి కుక్కకైతే చెప్పనే అక్కర్లేదు. కుక్క ఆగి కాలు నాకుతుంటే బద్ధకం అనుకుని తిడతారు! గుళ్లను లాగకండి, చర్మం ఊడొస్తుంది. గ్లవ్ తీసి, పాదాన్ని అరచేతిలో పట్టుకుని కరగనివ్వండి. ముందురోజే ఆ వెంట్రుకలు కత్తిరించి, పాదాలకు మైనం రాస్తే ఈ బాధే ఉండదు. దాహానికి మంచు తింటుందిలే అనుకోవద్దు, గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లండి. వేటకు ముందు కడుపునిండా తిండి పెడితే కడుపు మెలిపడే ప్రమాదం ఉంది. అసలు భోజనం సాయంత్రం, కుక్క కుదుటపడ్డాక.

మడుగు మీది మంచుగడ్డను నమ్మొద్దు. పైన మంచు దుప్పటిలా కప్పి ఉంటే కింద గడ్డ పలచగానే ఉంటుంది, మస్క్‌రాట్ అనే నీటి ఎలుక గూళ్ల చుట్టూ మరీను. గడ్డ మందం 4 అంగుళాలు లేనిచోట కాలు పెట్టకండి, కుక్కనూ పంపకండి.

రోజుకు మనిషికి 3 పుంజులు, పెట్టను కొట్టకూడదు. మంచు కురుస్తుంటే రంగు తెలియదు. లేస్తూ కూసిన కూత, పొడవాటి తోక, రెండూ ఖాయమైతేనే ట్రిగ్గర్ నొక్కండి. పడితే లేచేటప్పుడు తుపాకీ గొట్టం మంచులో గుచ్చుకుందేమో చూడండి. తూటా తీసేసి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాకే మళ్లీ నింపాలి, అడ్డం ఉంటే గొట్టం పగులుతుంది. సెమీ ఆటోమేటిక్ తుపాకీకి నూనె దట్టంగా పూస్తే చలికి బంకలా మారి మొరాయిస్తుంది, తుడిచేసి పలచటి పొర మాత్రం ఉంచండి. ఇంటికొచ్చాక తుపాకీకి చెమ్మ పడుతుంది. దాన్ని తుడిచే పని తర్వాత, ముందు కుక్క కాళ్లు ఆరబెట్టండి.