ఎనభైల ధరలు వెనక్కి ఇప్పించగలరని విన్నపం

పొద్దున్నే వాట్సాప్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు 1980ల నాటి ధరల పట్టిక పంపుతారు. బియ్యం కిలో 2 రూపాయలు. పోస్టుకార్డు 15 పైసలు. పెట్రోలు లీటరు 10 రూపాయల లోపు. కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ, పక్కన 'ఆ రోజులే వేరు' అని ఓ నిట్టూర్పు. చూసినవాళ్ళు దానికి తలా ఒక నిట్టూర్పు చేర్చి, ఇంకో నాలుగు గ్రూపుల్లోకి తోసి, ఎవరి పనిలో వారు పడుతున్నారు. ఇంత ప్రజాభిప్రాయం రోజూ ఇలా ఆవిరైపోవడం ప్రజాస్వామ్యానికి క్షేమం కాదు. అందుకని ఆ నిట్టూర్పులన్నిటినీ పోగుచేసి ప్రభుత్వం వారికి విన్నపంగా సమర్పించే భారం నేనే నెత్తిన వేసుకున్నాను. కోరిక ఒక్కటే. మా ఎనభైలు మాకు ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు అందులోంచి ఏ వస్తువూ తీసేయకూడదు. ధరలు మాత్రం విడిగా ఇస్తే పుచ్చుకోం.

ముందు ఒక చిల్లర అభ్యంతరానికి జవాబు చెప్పేస్తాను. ధరలతో పాటు అప్పటి జీతాలు కూడా వస్తాయి కదా అని కొందరు లెక్కల మాస్టర్లు అడుగుతున్నారు. వస్తాయి. 1985 నాటికి 10 గ్రాముల బంగారం 2 వేలు దాటింది. గుమాస్తా జీతమేమో వెయ్యి చుట్టుపక్కల తచ్చాడుతోంది. రెండు నెలలు ఇంట్లో పొయ్యి వెలిగించకపోతే అమ్మాయి మెడలోకి ఓ సన్నపాటి గొలుసు వచ్చేది. ఇంత సులువైన విషయాన్ని కూడా రాద్ధాంతం చేసేవాళ్ళతో వాదన అనవసరం.

ఇక బియ్యం. ఎనభైల వైభవానికి తొలి సాక్ష్యం బియ్యమే కనుక దీన్ని కాస్త నిదానంగా చూడాలి. 1983 ఎన్నికల ముందు ఎన్టీ రామారావు కిలో 2 రూపాయలకే బియ్యం అన్నారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ఊరుకుంటారా? ఎన్నికలకు ముందే 1 రూపాయి 90 పైసలకు ఇచ్చేశారు. ఓటరు రెండింటినీ తూకం వేసి, పది పైసలు ఎక్కువైనా ఫరవాలేదని రెండు రూపాయల వైపు ఓటేశాడు. 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనసముద్రం మధ్య ప్రమాణస్వీకారం జరిగింది. చవక సరుకు ఎదురుగా ఉండగా ఖరీదైన సరుకును ఎన్నుకున్న ఈ ఓటరును అర్థశాస్త్రం ఇంతవరకూ సరిగా వివరించలేదు. కారణం ఢిల్లీ మీద కోపమనీ, ఆత్మగౌరవమనీ పెద్దలు అంటారు. నా పరిశోధన వేరు. రేషను డీలరు పది పైసల చిల్లర వెనక్కి ఇవ్వడని రాష్ట్రంలో అందరికీ తెలుసు. 1 రూపాయి 90 పైసల బియ్యం కూడా కౌంటరు దగ్గరికి వచ్చేసరికి రెండు రూపాయలే. అలాంటప్పుడు రెండే అని నిజాయితీగా చెప్పినవారిని గెలిపించడం న్యాయం కాదా?

ఆ పది పైసల బిళ్ళ ఇప్పుడు లేదు. పావలాతో సహా అంతకన్నా చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. ధరలు పునరుద్ధరించే ముందు వాటిని మళ్ళీ పోతపోయించే పని కూడా ప్రభుత్వమే చూసుకోవాలి. పోయించినా డీలరు ఇవ్వడనుకోండి, అది వేరే సంగతి.

అసలు విషయానికి వస్తాను. ధరల పట్టికలు పంపేవాళ్ళు మరిచిపోతున్నది ఏమిటంటే, ఎనభైలలో మనకు రెండు కరెన్సీలు ఉండేవి. ఒకటి రిజర్వు బ్యాంకు అచ్చువేసేది, రూపాయి. రెండోదాన్ని ఎవరూ అచ్చువేయలేదు. దాని పేరు 'తెలిసినాయన'. రూపాయితో బియ్యం, చింతపండు, అగ్గిపెట్టె దొరికేవి. గ్యాసు, ఫోను, స్కూటరు, సిమెంటు, రైలు బెర్తు కావాలంటే తెలిసినాయన ఉండాలి. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి ఎన్నెకరాలు అని అడిగాక, తరవాతి ప్రశ్న మేనమామ ఏ ఆఫీసులో అనే. మేనమామ టెలిఫోన్స్‌లో ఉంటే అబ్బాయి కాస్త నలుపైనా సర్దుకునేవారు.

ఫోను సంగతే తీసుకోండి. దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, ఏళ్ళు గడిపేవారు. ఆ దశాబ్దం మొదట్లో కమ్యూనికేషన్ల మంత్రిగా ఉన్న సి.ఎం. స్టీఫెన్, ఫోను విలాస వస్తువే గాని హక్కు కాదనీ, నచ్చనివాళ్ళు వెనక్కి ఇచ్చేయొచ్చనీ పార్లమెంటులోనే సెలవిచ్చారు. వినియోగదారుడికి ఇంత స్పష్టమైన సమాధానం ఇప్పటి ఏ కస్టమర్ కేరు ఇవ్వగలదు? 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం' అని అరగంట సంగీతం వినిపించే కపటం ఆ రోజుల్లో లేదు. మీ కాల్ ముఖ్యం కాదని మంత్రిగారే ముందుగా చెప్పేశారు.

ఫోను లేనివాళ్ళు ఏమీ బాధపడలేదు. విజిటింగు కార్డు మీద పక్కింటివారి నంబరు అచ్చువేయించి, పక్కన బ్రాకెట్లో పి.పి. అని పెట్టుకునేవారు. దాంతో కుటుంబ వ్యవహారాలన్నిటికీ సామాజిక పర్యవేక్షణ ఏర్పడింది. అమ్మాయికి సంబంధం కుదిరిందో తప్పిందో కన్నతల్లికన్నా ముందు పక్కింటి పిన్నిగారికి తెలిసేది. ఆవిడ పోపు దించి, చేయి తుడుచుకుని, గోడ మీదుగా కబురు చెప్పేలోపు వీధి చివర కిళ్ళీకొట్టుకు కూడా చేరిపోయేది. మన సమాచారం ఎవరో కంపెనీవాళ్ళు దొంగిలిస్తున్నారని ఇప్పుడు గగ్గోలు పెడుతున్నాం. ఆ పని అప్పట్లో ఉచితంగా, ఆప్యాయంగా, కాఫీతో సహా జరిగేది.

దూరాభారాలకు ట్రంకు కాల్. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు తరగతులు. లైట్నింగుకు మామూలుకన్నా ఎనిమిది రెట్లు కట్టాలి. మెరుపు ఎప్పుడు మెరుస్తుందో చెప్పడం వాతావరణ శాఖకే కష్టం కాబట్టి, టెలిఫోను శాఖను తప్పుపట్టడానికి లేదు. మరీ తొందరైతే టెలిగ్రాము. దాన్ని చదవడం గురించి ఎవరికీ బెంగ ఉండేది కాదు. ఖాకీ బట్టల మనిషి సైకిలు దిగగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెట్టేవారు. సగం ఏడిచాక ఎవరో చదువుకున్న కుర్రాడు వచ్చి, అబ్బాయికి ఇంటర్వ్యూ వచ్చిందని చదివి చెప్పేవాడు. ఏడుపు మధ్యలో ఆపడం మర్యాద కాదు కాబట్టి ఇంకాసేపు ఏడిచేవారు.

స్కూటరు దగ్గరికి వస్తే నా కళ్ళు చెమర్చక మానవు. బజాజ్ చేతక్ బుక్ చేసినవాడు కొన్నేళ్ళు ఆగాలి, ఒక దశలో పదేళ్ళ దాకా. ఇప్పటి కుర్రకారు అర్ధరాత్రి ఆర్డరు పెట్టి, పది నిమిషాల్లో పాల ప్యాకెట్టు రాలేదని ఒక నక్షత్రం కోసేస్తున్నారు. అప్పటి మనిషి పెళ్ళికి ముందు బుక్ చేసి, ఇద్దరు పిల్లలు పుట్టాక స్కూటరు తెచ్చుకుని, నిలువునా ఒకణ్ణి ముందు, ఇంకొకణ్ణి మధ్యలో, భార్యను వెనక కూర్చోబెట్టుకుని, మొదటి రోజే నిండుగా బయలుదేరేవాడు. కుటుంబ నియంత్రణ శాఖ, పరిశ్రమల శాఖ ఇంత చక్కగా చేయి కలిపి పనిచేసిన దాఖలా మరొకటి లేదు. అలాట్‌మెంటు కాగితం వచ్చినవాడు స్కూటరు తీసుకోకుండానే కాగితాన్ని అమ్ముకుని లాభం చూసుకోవచ్చు. కొత్త వస్తువుకన్నా వాడిన వస్తువుకు ధర ఎక్కువ పలికిన ఆ బంగారు కాలాన్ని ఏ అర్థశాస్త్ర పుస్తకమైనా పాఠంగా పెట్టుకుందా?

గ్యాసుకూ అదే వరస. ఎంపీలకు కనెక్షన్ల కోటా ఉండేది. మన నియోజకవర్గం సమస్యలు పార్లమెంటులో ఎందుకు లేవనెత్తలేదని ఎవరూ అడిగేవారు కాదు. పొయ్యి ముట్టించుకోవడానికి చీటీ ఇచ్చారా, లేదా? ప్రజాప్రతినిధిని కొలవడానికి అంతకన్నా కచ్చితమైన కొలబద్ద ఇంకా రాలేదు.

వినోదం విషయంలో ఇప్పటి తరం అనుభవిస్తున్న దరిద్రం చెప్పనలవి కాదు. వందల చానళ్ళు, పదుల యాప్‌లు, ఏం చూడాలో తేల్చుకోలేక రాత్రి గడిచిపోతోంది. మాకు ఆ చింత లేదు. ఒకే దూరదర్శన్. రిమోటు కోసం తగాదా లేదు, ఎందుకంటే రిమోటు లేదు. హైదరాబాదు కేంద్రం 1977లోనే వచ్చింది గాని, పల్లెటూళ్ళ దాకా బొమ్మ రావడానికి ఎనభైలు కావాల్సి వచ్చింది. వచ్చాక కూడా బొమ్మ నేరుగా ఇంట్లోకి వచ్చేది కాదు, ముందు డాబా మీదికి వచ్చేది. ఇంటి పెద్దకొడుకు యాంటెన్నా పట్టుకుని పైన, తండ్రి గదిలో, మధ్యలో మెట్ల మీద కబుర్లు అందించే చెల్లెలు.

"వచ్చిందా?"

"ఆఁ ఆఁ... వచ్చింది, వచ్చింది! కదలకురా! పోయింది."

అలా పైనే నిలబడి యౌవనం గడిపినవాళ్ళు ఈ రాష్ట్రంలో ఎంతమందో. కిందవాళ్ళు సినిమా చూశారు, వీళ్ళు చుక్కలు చూశారు. ఒక్కోసారి యాంటెన్నా సవ్యంగానే ఉన్నా బొమ్మ పోయి, 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని అట్ట కనిపించేది. ప్రభుత్వ శాఖ ఒకటి పౌరుడి ముందు చింతించడం నాకు తెలిసి అదొక్కటే. విద్యుత్తు శాఖ ఎన్నడూ చింతించలేదు.

శుక్రవారం చిత్రలహరి కోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం. అంతలోపు వ్యవసాయ కార్యక్రమం. సెంటు భూమి లేని అద్దె ఇళ్ళవాళ్ళందరూ వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగును ఎలా అరికట్టాలో కంఠతా పట్టారు. ఇక 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున్న రామాయణం. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట చూసి గుడి అనుకుని కొబ్బరికాయ తెచ్చినవాళ్ళు ఉన్నారంటే నేను ఆశ్చర్యపోను. హిందీ ఒక్క ముక్క రాని బామ్మలకు కూడా ఆ సీరియల్ ఆసాంతం అర్థమైంది. ఇప్పుడు తెలుగు సీరియల్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుగు పండితులకు కూడా అంతుపట్టడం లేదు.

సినిమా హాళ్ళలో నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని చాతుర్వర్ణ్యం. అక్కడ గేటు పక్కన గళ్ళ లుంగీలో నిలబడి, జనాన్ని బట్టి, హీరోను బట్టి, వర్షాన్ని బట్టి టికెట్టు ధర నిమిష నిమిషానికీ మార్చిన మహానుభావుణ్ణి దేశం గుర్తించలేదు. అదే పని ఇవాళ విమాన కంపెనీలు చేస్తుంటే టెక్నాలజీ అంటున్నారు. ఆయన చేస్తే పోలీసులు లాఠీ ఝళిపించారు.

వార్తల్లో ఉన్న సంస్కారం మాటకొస్తే, 1983 నవంబరు 14 నుంచి శాంతి స్వరూప్ గారు టెలీప్రాంప్టరు లేకుండా, గొంతు పెంచకుండా తెలుగు వార్తలు చదివారు. ఎవరినీ కిటికీల్లో కూర్చోబెట్టి అరిపించలేదు. వ్యాసంలో ఇదొక్క వాక్యం వ్యంగ్యం కాదు, సంపాదకులు గమనించగలరు. వేగం గురించి మాత్రం రెండు మాటలు. 1984 అక్టోబరు 31 ఉదయం ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగితే, ఆవిడ మరణాన్ని ఆకాశవాణి సాయంత్రానికి గాని ధ్రువీకరించలేదు. ఈలోపు బీబీసీ వినగలిగినవాడు వీధిలో ప్రముఖుడైపోయాడు. బతికున్న నటుణ్ణి మధ్యాహ్నానికల్లా చంపేసి సంతాపాలు రాబట్టే నేటి యూట్యూబు చానళ్ళకు, పోయినవారిని కూడా సాయంత్రం దాకా ఉంచిన ఆ ఓపిక ఎక్కడిది?

రాజకీయ విలువలూ అప్పటివే కావాలని చాలామంది రాస్తున్నారు. ఒప్పుకుంటున్నాను. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్‌నే మళ్ళీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఈ మధ్యలో శాసనసభ్యులు చేజారకుండా ఉండటానికి వారిని ముందు స్టూడియోలోనూ, తరవాత కర్ణాటకలోనూ భద్రపరిచారు. పార్టీలు మారకుండా మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం కూడా చేసింది. రిసార్టు రాజకీయాలు ఈ మధ్యే మొదలయ్యాయనుకునే పిల్లలకు మన ఘన వారసత్వం తెలియకపోవడం విచారకరం.

ఇక విన్నపం విధివిధానాలు. మద్దతు తెలిపేవారు ఫార్వర్డులు పంపితే చెల్లవు. దరఖాస్తు మూడు ప్రతులు, కార్బను పెట్టి రాసినవి, జతచేసే కాగితాలన్నిటి మీదా గెజిటెడ్ అధికారి సంతకం, ఆకుపచ్చ సిరాలో. అధికారి సెలవులో ఉంటే మరో రోజు వెళ్ళాలి. అందిన దరఖాస్తులకు వరస నంబరు వేస్తాం. నంబరు వచ్చిందీ లేనిదీ నోటీసు బోర్డులో చూసుకోవలసిందే, ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవు. ఎనభైలు మొదటి విడతగా కొద్దిమందికే మంజూరవుతాయి కాబట్టి మిగతావారు నిరీక్షణ జాబితాలో ఉంటారు. మా ఆఫీసులో ఎవరైనా తెలిసినాయన ఉంటే మాత్రం ముందు గుమ్మం దగ్గర నిలబడనవసరం లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పెరటి వైపు నుంచి రండి, మాట్లాడుకుందాం.