మామిడి మొద్దు మీది లైకెన్లు: గీకాలా, ఉంచాలా?

(హైదరాబాద్ సైనిక్‌పురిలో ఒక పాత ఇంటి పెరడు. ముదురు మామిడి, పక్కన సపోటా. మామిడి మొద్దు నిండా బూడిదరంగు, లేతాకుపచ్చ మచ్చలు. తోటమాలి చేతిలో ఇనుప బ్రష్షు. ఎదురుగా వృక్షశాస్త్రం చెప్పే టీచరు.)

తోటమాలి: టీచరమ్మా, జర పక్కకు జరుగుండ్రి. మొద్దంత గీ మచ్చలే. బ్రష్షుతోని గీకి, మీదికెళ్లి బోర్డోపేస్ట్, గదే మైలుతుత్తం సున్నం కలిపిన మందు, పూస్త. ఇడిసిపెడితే కొమ్మలన్ని ఎక్కుతయ్.

టీచరు: ఆగన్నా. ముందు అదేమిటో తేల్చుకుందాం. ఆ మచ్చ మీద మగ్గెడు నీళ్ళు పోయండి. రెండు మూడు నిమిషాల్లో పచ్చబడితే అది లైకెన్. తడిస్తే పైపొర పారదర్శకమై లోపలున్న నాచు కనిపిస్తుంది. గోటితో గీరితే పొడిలా రాలేది బూజు. పొలుసులా లేచి, నలిపితే తడి అంటేది పొలుసు పురుగు. ఆ రెంటికీ మందు కావాలి, కాదనను.

తోటమాలి: పచ్చగనే అయింది. ఐతే ఏంది? చెట్టు మీద బతికేది చెట్టును తినకుండ ఎట్ల బతుకుతది? బదనికను సూడుండ్రి, పట్టిన కొమ్మను ఎండబెట్టేదాంక ఇడ్వదు.

టీచరు: బదనిక కర్ర లోపలికి దిగి నీళ్ళు లాగుతుంది. అందుకే అది పట్టిన చోటికి కిందుగా కొమ్మనే కోసేస్తాం. లైకెన్‌కు వేళ్ళే లేవు. అది శిలీంధ్రం, నాచు కలిసి చేసే కాపురం. నాచు వెలుతురుతో తిండి తయారుచేస్తుంది, శిలీంధ్రం గూడై తేమను నిలుపుతుంది. అడుగునుండే సన్నటి పోగులు బెరడు మీది చచ్చిన పొరనే పట్టుకుంటాయి, రసం పారే పొరదాకా వెళ్ళవు. నీళ్ళు వాన నుంచీ మంచు నుంచీ, లవణాలు దుమ్ము నుంచీ వస్తాయి. మన గ్రానైట్ బండల మీద కూడా లైకెన్లున్నాయి కదా, ఆ బండలో తాగడానికి రసమెక్కడిది?

తోటమాలి: మరి ఎండుతున్న కొమ్మ మీదనే ఎందుకు ఎక్కువుంటయ్? గటు సూడుండ్రి. నిండుగ ఆకున్న దిక్కు ఇంత లేదు. కండ్ల ముంగట కనబడుతున్నది.

టీచరు: మీరు చూసింది నిజమే, కానీ ముందు జరిగింది వేరు. కొమ్మ నీరసపడి ఆకు రాల్చింది, దాంతో మొద్దు దాకా ఎండ దిగింది, ఆ వెలుతురుకు లైకెన్ పెరిగింది. బలంగా పెరిగే కొమ్మ బెరడు పగులుతూ పొట్టు రాలుస్తుంటుంది. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరిగే లైకెన్‌కు అక్కడ నిలకడ దొరకదు. జామ బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుంది కాబట్టి దాని మీద తక్కువ, గరుకు బెరడున్న సపోటా మీద ఎక్కువ. ఇక ఈ మామిడి నీరసానికి కారణం కింద ఉంది. మొద్దును ఆనుకుని సిమెంటు పోశారు. వేళ్ళకు వాననీరూ లేదు, గాలీ లేదు. మీరు మొద్దు గీకితే ఓనరుకు చెట్టు శుభ్రంగా కనిపిస్తుంది, లోపలి బాధ లోపలే ఉంటుంది. మొద్దు చుట్టూ కనీసం మూడడుగులు సిమెంటు పగలగొట్టించండి. మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచున గాడి తీసి 40–50 కిలోల మాగిన పశువుల ఎరువు వేయండి. చెట్టు మొదలు దగ్గర మాత్రం కుప్ప పోయొద్దు, బెరడు కుళ్ళుతుంది.

తోటమాలి: సిమెంటు మాట ఒప్పుకుంట. కాని చీమల సంగతేంది? మొద్దుకు పాలిథిన్ పట్టీ కట్టి గ్రీజు పూస్తే, గీ ఎగుడుదిగుడు మీద పట్టీ కూసోదు. సందులకెళ్లి చీమ ఎక్కుతది. చీమ ఎక్కిందంటే రసం పీల్చే పిండినల్లి పురుగుకు కావలి దొరికినట్టే.

టీచరు: ఇది గట్టి మాట. అయితే పట్టీ పట్టే మేరకే శుభ్రం చేయండి. భూమికి అడుగు పైన, 25 సెంటీమీటర్ల వెడల్పు చాలు. ఇనుప బ్రష్షు వద్దు, తడిపిన కొబ్బరి పీచుతో రుద్దండి. నీళ్ళు పోసి కాసేపు ఆగితే లైకెన్ మెత్తబడి వస్తుంది. ఇనుప బ్రష్షు లాగితే పచ్చి బెరడు చీరుకుపోతుంది, ఆ గాయంలోంచే కొమ్మల్ని ఎండగొట్టే శిలీంధ్రం దూరుతుంది. పగుళ్ళలో మట్టి మెత్తి, 400 గేజ్ మందం పాలిథిన్ చుట్టి, పైనా కిందా సుతిలితో బిగించండి. గ్రీజు పాలిథిన్ మీదే పూయాలి, బెరడుకు తగలకూడదు.

తోటమాలి: బోర్డోపేస్ట్ ఐతే ఒద్దనకుండ్రి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లల్ల, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరుల. ప్లాస్టిక్ బకెట్లే వాడాలె. రెండు ఒక్కపారే మూడో బకెట్ల పోసుకుంట కలపాలె. కత్తి ముంచి సూస్తే ఎర్రగ రాగి అంటిందా, ఇంకింత సున్నం ఎయ్యాలె. ఏ పూటది ఆ పూటకే.

టీచరు: పాళ్ళు సరిగ్గా చెప్పారు. కొమ్మలు కోసిన చోట ఇది పూయాల్సిందే. మొద్దంతా పూస్తే మైలుతుత్తంలోని రాగికి లైకెన్ చస్తుంది, అదీ నిజమే. కానీ వానకు కారిన రాగి మట్టిలోంచి పోదు. ఏటేటా పేరుకుంటే వానపాములకూ, వేళ్ళకు తోడుండే శిలీంధ్రాలకూ చేటు. చెట్టుకు ఏ హానీ చేయనిదాన్ని చంపడానికి మట్టిని పాడుచేయడం నాకు మనసొప్పదు.

తోటమాలి: మరి రెండు చెట్ల మొద్దులకు సున్నం కొట్టుడు సుత వద్దా? మే నెల ఎండకు బెరడు కాలి పగుల్తది గద.

టీచరు: కొమ్మలు కొట్టి ఎండకు విడిచిన మొద్దుకు, లేత చెట్లకు వేయండి. గుబురు నీడలో ఉన్న ఆ సపోటాకు ఎందుకు?

తోటమాలి: గీటిని ఉంచుకుంటే లాభమేంది? బిర్యానీల ఏసే పత్తర్ కా ఫూల్ గిదేనా?

టీచరు: దాని చుట్టమే, అది కాదు. మసాలాకు వాడేది పార్మోట్రీమా అనే వెడల్పు రేకుల లైకెన్. ఇక్కడివి బెరడుకు అంటుకుని పాకే రకాలు. వంటలో వేయొద్దన్నా, వాహనాల పొగలోని లోహాల్ని లైకెన్ తనలో దాచుకుంటుంది. అలా గాలిలో ఉన్నదంతా పీల్చుకుంటుంది కాబట్టే గాలి తీరు చెప్పగలుగుతుంది. 1866లో నీలాండర్ అనే శాస్త్రవేత్త, పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలో ఉన్న లైకెన్లు నగరంలో మిగతాచోట్ల లేకపోవడం చూసి, దాన్ని గాలి శుభ్రతతో ముడిపెట్టాడు. అలాగని మచ్చ ఉన్నచోటల్లా గాలి మంచిదనుకోవద్దు. పిక్సీన్ కోకోస్ లాంటి లైకెన్లు నగరపు పొగను ఓర్చుకుంటాయి. పొదలా పెరిగే రకాలే ముందు మాయమవుతాయి. ఇంకా, తేనెపిట్ట తన సంచీ గూడు పైన అతికించే పెచ్చుల్లో బెరడుతో పాటు లైకెన్ ముక్కలూ ఉంటాయి.

తోటమాలి: సరే, బోర్డోపేస్ట్ కోతలకే పూస్త. సిమెంటు పగలగొట్టినంక సుత కొత్త చిగురు రాకుంటే?

టీచరు: అప్పుడు మొద్దును కింది నుంచి తట్టి చూడండి. రంధ్రం, దాని కింద రంపపు పొట్టు కనిపిస్తే కాండం తొలిచే పురుగు. సన్నటి తీగ గుచ్చి పురుగును తీసి, రంధ్రాన్ని తడిమట్టితో మూసేయండి.

తోటమాలి: తీగ నా తాన ఉన్నది. పట్టీ జాగ ఇయ్యాల్నే కడుగుత. సపోటాకు సున్నం వద్దన్న మాట మాత్రం నేను ఒప్పుకోలె. కొమ్మలు కొట్టే దినం మళ్ల మాట్లాడుదం.