పదిహేను ఫారాల ప్రోత్సాహం

తెలుగు ప్రచురణ రంగం చచ్చిపోతోందని వాపోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఈమధ్య కాలంలో వాళ్ళెవరూ రాతప్రతి చంకన పెట్టుకుని ప్రచురణకర్త మెట్లు ఎక్కి ఉండరు. నేను ఎక్కాను. అక్కడ నాకు దొరికిన ఆదరణ కొత్తల్లుడిగా అత్తవారింట కూడా దొరకలేదు. అందుకే ఈ రంగం మీద పడుతున్న నిందలను ఖండించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముప్పై ఏళ్ళు సర్కారు లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత నాలుగేళ్ళు కూర్చుని ఒక నవల రాశాను. విజయవాడలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, మేడ మీద ఉంది ఆ ఆఫీసు. పేరు అనవసరం. వెళ్ళగానే ప్రచురణకర్తగారు "రండి మాస్టారూ, కూర్చోండి" అన్నారు. నేను ఎప్పుడూ పాఠం చెప్పినవాణ్ణి కాదు. అయితే పెన్షన్ వచ్చే ప్రతివాడూ ఆ కుర్చీలో మాస్టారే అవుతాడని తర్వాత తెలిసింది. టీ తెప్పించారు. నా కట్టను చేతిలోకి తీసుకుని, రైతుబజారులో కందగడ్డ బరువు చూసినట్టు కాసేపు అరచేతిలో ఆడించారు. తర్వాత తిన్నగా చివరి పేజీ తిప్పారు. నా గుండె ఆగినంత పనైంది. కథానాయిక రైలెక్కి వెళ్ళిపోయే ఆ ముగింపును నేను పదకొండుసార్లు తిరగరాశాను మరి.

ఆయన చూసింది పేజీ నెంబరు.

"డెమీ సైజులో రెండొందల నలభై పేజీలొస్తుంది. సరిగ్గా పదిహేను ఫారాలు" అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "ఒక్క పేజీ కూడా వృథా పోదు. నిర్మాణం మీద మీకు మంచి పట్టుంది మాస్టారూ!"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఫారం అంటే పదహారు పేజీలు. నవలా నిర్మాణం గురించి మన విమర్శకులు ఎన్నో వ్యాసాలు రాశారు గానీ, దాన్ని పదహారుతో భాగించి శేషం సున్నా వచ్చిందో లేదో చూడాలని ఒక్కరికీ తోచలేదు. ఆయనకు అరనిమిషం పట్టింది.

తర్వాత కట్టను మధ్యకి తెరిచి నాలుగు లైన్లు చదివారు. పెదాలు కదిలాయి కాబట్టి చదివారనే నా నమ్మకం. తల పంకించి, "ఈజ్ ఉందండీ" అన్నారు.

ఈ ‘ఈజ్’ అనే మాట లేకపోతే తెలుగు సాహిత్యంలో సగం మంది రచయితలు రెండో పుస్తకం వేసేవారు కాదు. దానికి అర్థం ఏమిటని నేను ఇద్దరు ముగ్గురు పెద్దల్ని అడిగాను. ఒకాయన ‘చదివించే గుణం’ అన్నారు. చదివించే గుణం అంటే ఏమిటండీ అంటే, ‘అదే, ఈజ్’ అన్నారు. ఇంత గుండ్రంగా, ఎక్కడా పట్టు చిక్కకుండా ఉండే పొగడ్త మరో భాషలో ఉంటుందనుకోను. పుస్తకం చదివినవాడూ అనొచ్చు, చదవనివాడూ అనొచ్చు. విన్నవాడికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకు మూడు రాత్రులు పట్టలేదు. నిద్రలేక లేచి నా నవల నేనే చదువుకున్నాను. నిజంగానే ఈజ్ ఉంది.

ప్రోత్సాహం ఇవ్వడంలో ఒక క్రమం ఉంటుంది. ముందు భయపెట్టాలి. "ఇప్పుడెవరు చదువుతున్నారండీ" అని మొదలుపెట్టారాయన. కథలకు మార్కెట్ లేదు. కవిత్వం పేరెత్తొద్దన్నారు. పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాసం, పిల్లల బొమ్మల పుస్తకాలు తప్ప ఏదీ కదలడం లేదట. నా భుజాలు పూర్తిగా కుంగిపోయేదాకా ఆగి, అప్పుడు టీ గ్లాసు కింద పెట్టి, "మీది వేరు" అన్నారు.

ఆ రెండు మాటల ఖరీదు ఎంతో ముందు ముందు చెబుతాను.

మా కుర్రతనంలో ఇంత నాగరికత లేదు. వారపత్రికకి కథ పంపాలంటే తిరుగు టపాకు తగిన స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేయాలి. అంటే మన తద్దినానికి మనమే సంభారాలు సమకూర్చుకోవాలన్నమాట. నెల తిరక్కుండా ఆ కవరు ఇంటికొచ్చేది. లోపల ‘ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము’ అని అచ్చేసిన చీటీ. ఎంత మొరటు మనుషులు! పైగా కథ బాగుంటే డబ్బు మనియార్డరు చేసేవారు, మనిషిని సోమరిని చెయ్యడానికి. 1978లో మొదలైన ‘చతుర’ నెలకో పూర్తి నవల వేసేది. అది ఎవరి నవల వేసినా, వేసిందంటే నాలుగొందల మందిని కాదని ఆ ఒక్కరిని ఔనన్నట్టే అనుకునేవాళ్ళం. కరోనా తర్వాత అదీ ఆగిపోయింది, దాని జంట ‘విపుల’ కూడా ఆగిపోయింది. ఇప్పుడు తెలుగు రచయితను కాదనే నాథుడే లేడు. రచయితకు ఇంతకు మించిన స్వర్ణయుగం ఎప్పుడొచ్చింది?

స్వర్ణం అంటే గుర్తొచ్చింది. శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం చేయించాడని గొప్పగా చెప్పుకుంటాం. అదే శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లిలో పొలం గుత్తకు తీసుకుంటే, కృష్ణ పొంగి పంటంతా కొట్టుకుపోయి, ఏడువందల టంకాలు ఎలా కట్టాలిరా దేవుడా అని చాటువు చెప్పుకున్నాడంటారు. కారణం స్పష్టం. రాజుగారు బంగారం పోశారు గానీ ప్రోత్సహించలేదు. ‘కవిసార్వభౌమా, మీలో ఈజ్ ఉంది, ఇంకోటి రాయండి, ఈసారి ఖర్చు మీరు పెట్టుకోండి’ అని ఒక్కమాట అని ఉంటే, ఆయన వ్యవసాయం జోలికి పోయేవాడే కాదు. గుత్త డబ్బు కాగితానికే సరిపోయేది.

అప్పట్లో కృతిని అంకితం తీసుకున్నవాడు డబ్బిచ్చేవాడు. ఇప్పుడు నా నవలను మా వియ్యంకుడికి అంకితమిస్తే, సభకు వచ్చిపోయే కారు కిరాయి కూడా నేనే పెట్టుకున్నాను.

ఇక ఖర్చుల సంగతి. ఆయన ఒక పాత పంచాంగం అట్ట వెనక రాసిచ్చారు, నేను దాచుకున్నాను. ఐదొందల కాపీలు, డెబ్భై జీఎస్‌ఎం కాగితం, మల్టీకలర్ అట్ట, లామినేషన్, డీటీపీ, ప్రూఫులు, అన్నీ కలిపి డెబ్భై రెండు వేలు. నేను ఫోన్లో టైపు చేసిచ్చిన యూనికోడ్‌ను వాళ్ళు అచ్చుపనికి వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చారు. ఆ మార్పిడిలో ‘క్ష’ వత్తులన్నీ ఎటో ఎగిరిపోయి మా కథానాయిక లక్ష్మి నవలంతా లకీ్మగా తిరిగింది. చూపిస్తే, "పాఠకుడు భావం చూస్తాడు మాస్టారూ, అక్షరం చూడడు" అన్నారు. అట్ట మీది ఐఎస్‌బీఎన్‌కు విడిగా రెండు వేలు. ఆ నెంబరును మన దేశంలో కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆ ఉచితాన్ని నాదాకా మోసుకొచ్చినందుకు ఆ మాత్రం కూలి న్యాయమే. ఢిల్లీ ఇక్కడేమైనా ఉందా?

ముందుమాటల గురించి ఎక్కువ చెప్పను. చలం 1940లో ‘యోగ్యతాపత్రం’ రాస్తే, శ్రీశ్రీ పుస్తకం 1950లో గానీ అచ్చు కాలేదు. పదేళ్ళు ముందుమాటే పుస్తకం కోసం ఎదురుచూసింది. నా విషయంలో పుస్తకమే ముందుమాటల కోసం ఎనిమిది నెలలు ఎదురుచూసింది. మూడొచ్చాయి. ఒకాయన ఐదు పేజీల్లో నాలుగు తన నవలల గురించే రాసి, ఐదో పేజీలో నాకూ మంచి భవిష్యత్తుందన్నారు. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు.

ఆవిష్కరణ సభలో వేదిక మీద ఏడుగురం, ఎదురుగా పాతికమంది, అందులో తొమ్మిది మంది మా ఇంటి పేరువాళ్ళు. ప్రచురణకర్తగారు మాట్లాడుతూ ఇలాంటి రచయితలు ఇంకా ఇంకా రావాలని ఆకాంక్షించారు. అది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఆయన మనసులోంచి వచ్చిన మాట. ప్రత్యక్షసాక్షిని నేను.

జనవరిలో పుస్తక మహోత్సవం. స్టాలు దగ్గర నిలబడమన్నారు, "రచయిత కనిపిస్తే పుస్తకం కదులుతుంది" అని. నాలుగు సాయంత్రాలు నిలబడ్డాను. ఒకావిడ నా నవల తీసుకుని వెనకట్ట చదివి, ఇందులో వంటలున్నాయా అని అడిగింది. రెండో అధ్యాయంలో గుమ్మడికాయ పులుసు ఉందని నిజాయితీగా చెప్పాను. కొనుక్కుంది. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన సాహిత్యసేవ అదే. నా పక్కన మరో ముగ్గురు రచయితలు నిలబడ్డారు. చివరిరోజు ఒకరి పుస్తకం ఒకరం కొనుక్కున్నాం. జేబులో డబ్బులు గుండ్రంగా తిరిగొచ్చి ఎవరివి వాళ్ళకే చేరాయి, కమిషన్ పోను.

ఇప్పుడు లెక్క చూద్దాం. అది నా వృత్తి, తప్పురాదు. ఐదొందల్లో పత్రికలకు, సమీక్షకులకు అరవై. సభలో పంచినవి డెబ్భై అయిదు. బంధువులకు యాభై. అమ్ముడైనవి ముప్పై ఎనిమిది. వెల రెండొందలు కాబట్టి ఏడువేల ఆరొందలు. అందులో నలభై శాతం కమిషన్ తీసేస్తే నాలుగువేల ఐదొందల అరవై. ఆ సొమ్ము గురించి రెండుసార్లు అడిగాను. మొదటిసారి "మార్చి దాటనివ్వండి" అన్నారు. రెండోసారి, "మీ పుస్తకం గురించి నిన్ననే ఒకాయన అడిగాడు మాస్టారూ, శైలి అద్భుతం అన్నాడు" అన్నారు. రెండోసారి కూడా డబ్బులు ఇవ్వలేదుగా అని మీరనొచ్చు. శైలి అద్భుతం అన్నాక నాలుగువేలు అడగడానికి నోరెలా వస్తుంది?

మిగిలినవి రెండొందల డెబ్భై ఏడు. వాటికీ ఆయన దగ్గర ఆశ ఉంది. "గ్రంథాలయాల ఆర్డరొస్తే ఒక్క దెబ్బకి అయిపోతాయి." మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల సెస్సు, 1960 నాటి చట్టం ప్రకారం. ఆ పైసలు వసూలు చేసిన పురపాలక సంఘం దగ్గర్నుంచి గ్రంథాలయ సంస్థకు చేరాలి, అక్కణ్ణుంచి కొనుగోలు కమిటీకి చేరాలి, అక్కణ్ణుంచి నా నవలకు చేరాలి. సెస్సు ఇంకా మొదటి మజిలీలోనే ఉంది. నేను మాత్రం క్రమం తప్పకుండా ఇంటిపన్ను కడుతున్నాను. నా పుస్తకం నేను కొనుక్కోవడానికి చందా వేసుకుంటున్నట్టుంటుంది.

అందుకని ప్రభుత్వానికి నాదొక విన్నపం. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ సున్నా. చాలా సంతోషం. కానీ ప్రోత్సాహం ఏ పద్దు కిందకి వస్తుందో ఎక్కడా స్పష్టత లేదు. అది సరుకా, సేవా? ఫారానికి ఇంతని కడితే నాకు ఫారం ఒక్కింటికి నాలుగువేల ఎనిమిదొందలు పడింది. ఇంత విలువైన వస్తువుకి బిల్లు కూడా ఇవ్వకపోవడం నా లెక్కల మనసుకి నచ్చడం లేదు. కనీసం ‘ఈజ్’ ఎన్ని గ్రాములో తూచి చెప్పే ఏర్పాటైనా తూనికలు కొలతల శాఖ చెయ్యాలి.

ఇక చివరి విషయం, ఇది నేను ఈ మధ్యే గమనించాను. పుస్తకం రెండో పేజీలో, చిన్నక్షరాల్లో, ‘ప్రచురణ’ అన్నచోట మా ఆవిడ పేరుంది. ప్రచురణకర్తగారి పేరు ‘ప్రతులకు’ అన్నచోట, ఫోన్ నెంబరుతో సహా ఉంది. అడిగితే, "అదే ఆనవాయితీ మాస్టారూ, ఇంటి లక్ష్మి పేరు మీద వేస్తే కలిసొస్తుంది" అన్నారు. లక్ష్మి లకీ్మ అయిన పుస్తకంలో ఆ మాట నాకు కాస్త గుచ్చుకుంది గానీ, కాదనలేకపోయాను. డెబ్భై రెండు వేలూ ఆవిడ చీటీ పాడిన డబ్బే.

అంటే, ఇన్నాళ్ళూ నేను ఎవరి మెట్లు ఎక్కి ప్రోత్సాహం అడుక్కున్నానో ఆయన ప్రచురణకర్తే కాదు. అసలు ప్రచురణకర్త మా వంటింట్లో ఉంది. ఆవిడ నన్ను ప్రోత్సహించిన సందర్భం కోసం నాలుగేళ్ళూ తిరగేశాను. ఒక్కటే దొరికింది. ఓ రాత్రి రెండు గంటలకి, "రాసుకుంటే రాసుకోండి, ఆ లైటు మాత్రం కళ్ళల్లో పడకుండా చూడండి" అంది. నా రచనా జీవితంలో కమిషన్ లేకుండా దొరికింది అదొక్కటే.

సరే, ప్రచురణకర్త అన్నాక చట్టముంది. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లోగా ప్రచురించినవారు తమ సొంత ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కోటి పంపాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం వెల. ఇది చదివి నేను కొంచెం కంగారుపడ్డాను. గడువు దాటి ఏడాదైంది. రెండొందల యాభై రూపాయల నేరంలో మా ఆవిడ ఇరుక్కుందని నెమ్మదిగా చెప్పి, నాలుగు కాపీలు కట్టి పోస్టు చేసి రావాలన్నాను.

ఆవిడ చీపురు పక్కన పెట్టి దివాన్ మంచం కిందికి ఒకసారి వంగి చూసింది.

"నాలుగేం సరిపోతాయండీ, తలా ఓ యాభై పంపండి. అక్కడ ఊడ్చి ఏడాదవుతోంది."