మహారాజశ్రీ డ్రోన్ షాట్ గారి దివ్యసముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. బెజవాడలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రకారంతా క్షేమం. వాళ్ళ జేబులే తమరి దయవల్ల చిక్కి శల్యమయ్యాయి.

కథేమో గవర్నర్‌పేటలో మేడమీద గది. ఇద్దరు అన్నదమ్ములు అద్దె బాకీ గురించి పోట్లాడుకుంటారు. అందులో కృష్ణ లేదు, కొండ లేదు, పడవ లేదు. అయినా ముందు మీరు రావాలి. తెల్లారగట్ల ప్రకాశం బ్యారేజీ మీదుగా ఊరేగుతూ, గేట్లన్నీ లెక్కపెట్టుకుంటూ, 20 సెకన్లపాటు. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ 70 గేట్లతో ఎన్ని వరదలనైనా మోసింది గానీ, ఇన్ని టైటిల్ కార్డులు మోయాల్సి వస్తుందని పాపం అనుకుని ఉండదు.

8 నిమిషాల సినిమాకి చేతిలో 6,000 ఉన్నాయనుకోండి. సగం మీకూ, మిమ్మల్ని ఎగరేసే అబ్బాయికీ. మిగతా సగం బిర్యానీలకీ, పెట్రోలుకీ, ఒక లైటు అద్దెకీ. మైకు సంగతేంటంటే "ఫోన్‌లో ఉందిగా అన్నా!" అంటారు. ఉంది. నటుడికి పది అడుగుల దూరంలో ఉంది. ముందు సీలింగ్ ఫ్యాను వినపడుతుంది, తర్వాత కింద రోడ్డు మీద ఆటో హారను, ఆ తర్వాత ఓపికుంటే పెద్దన్నయ్య. దూరం రెట్టింపయితే మాట 6 డెసిబెళ్ళు పడిపోతుంది. ఫ్యాను రొద మాత్రం ఎక్కడిదక్కడే. ఎడిటింగ్‌లో వాల్యూమ్ పెంచితే మాటతోపాటు ఫ్యానూ పెరుగుతుంది.

అసలు తమరికి చెవులే లేవు కదండీ. ఉన్నా సొంత రెక్కల రొద తప్ప ఇంకేం వినపడదు. అందుకే మీ బ్యారేజీ షాటు కింద ఎక్కడినుంచో తెచ్చి సముద్రపు హోరు అతికిస్తున్నారు. కృష్ణలో అలలు, పైన సముద్రపు పక్షుల కూతలు!

మీ పూట అద్దెలో మూడో వంతు పెడితే, అంటే వెయ్యికి అటూ ఇటూగా, 6 మీటర్ల వైరున్న కాలర్ మైకు వస్తుంది. దానికి ఆకాశంలో పనిలేదు. గడ్డానికి జానెడు కింద, చొక్కా లోపలివైపు దాని కాపురం. మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపును, జిగురు బయటికి ఉండేలా ముక్కోణంగా మడిచి, మైకును దానికి అంటించి, దాన్ని చొక్కాకి అంటించాలి. కిందుగా వైరును చిన్న చుట్ట చుట్టి అక్కడా ఒక టేపు ముక్క వెయ్యాలి. లేకపోతే నటుడు చెయ్యెత్తినప్పుడల్లా వైరు లాగి టక్కుమంటుంది. నూలు చొక్కా అయితే నోరు మూసుకుని ఉంటుంది. జార్జెట్ చీర ఊపిరి పీల్చినా గరగరమంటుంది. ఇక తల్లి పాత్ర మెడలో సూత్రాలుంటే, రెండు బిళ్ళల మధ్య ఒక చిన్న టేపు ముక్క పెట్టాలి. అది మర్చిపోతే ఏడుపు సీను మొత్తం టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

కొన్ని కాలర్ మైకుల డబ్బీ మీద ఫోనుకీ కెమెరాకీ మార్చే స్విచ్చు ఉంటుంది. షూటింగ్ అయ్యాక కెమెరా వైపే వదిలేస్తే లోపలి బిళ్ళ బ్యాటరీ ఊరికే అయిపోతుంది. చాలా కొత్త ఫోన్లకి గుండ్రటి సాకెట్టు లేదు కాబట్టి టైప్-సీ కన్వర్టర్ కావాలి. పాటలు వినిపించే కన్వర్టర్లన్నీ మైకును గుర్తుపట్టవు. పరీక్ష సులువు: రికార్డింగ్ పెట్టి మైకు మీద గోటితో గీకి, తిరిగి విని చూడాలి. గీకుడు పెద్దగా వినిపిస్తే సరే, లేదంటే ఫోను తన సొంత మైకుతోనే పని కానిచ్చేస్తున్నట్టు. వైరు ఫ్రేములో పడుతుందనుకుంటే, ఇంకో ఫోనుకి తగిలించి నటుడి జేబులో పడేసి, కెమెరా ముందు గట్టిగా ఒకసారి చప్పట్లు కొడితే చాలు, ఎడిటింగ్‌లో రెంటినీ కలపొచ్చు. జేబులో ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. మీకూ దానికీ చుట్టరికం అంతవరకే.

టేకుకి ముందు ఫ్యాను ఆపాలి. మే నెల బెజవాడలో ఈ మాట చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, నిజమే. అందుకే టేకు మూడు నిమిషాలు మించకూడదు, ఒకే రంగు చొక్కాలు రెండుండాలి, తువ్వాలు దగ్గరే ఉండాలి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఆపినప్పుడు బండి తాళం అందులోనే పెడితే, ఇంటికి బయల్దేరేటప్పుడు తిరిగి వెయ్యడం గుర్తుంటుంది. లేదంటే ఆ ఇంటావిడ పాలన్నీ విరిగి, ఆ లొకేషను మళ్ళీ దొరకదు. చివర్న ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేసుకోవాలి. మాటకీ మాటకీ మధ్య కోసినచోట అది పరిస్తే అతుకు తెలియదు.

లైటు సంగతి క్లుప్తంగా: మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాలో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/50 వంతు పెడితే ట్యూబులైటు గీతలు చాలావరకు రావు. కిటికీ ఎదురుగా ఒక థర్మాకోల్ షీటు నిలబెడితే మొహంలో నీడ తగ్గుతుంది. అంతే.

పోనీ మీరైనా మీ పని సరిగ్గా చేస్తారా? ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సుకి వెలుతురు తగ్గించే నల్లద్దం) లేకుండా పట్టపగలు ఎగిరితే షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి పోయి, బ్యారేజీ మీద బైకులు గెంతుతున్నట్టు కనపడతాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటినదాన్ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది అడిగితే మీ అబ్బాయి నీళ్ళు నములుతున్నాడు.

ఎత్తు కావాలంటే ఊళ్ళో మేడలకేం తక్కువ? పిట్టగోడ మీద కిలో బియ్యం సంచి, దానిలో ఒదిగేలా ఫోను, టైమర్. వీధంతా వస్తుంది, ఖర్చు లేదు, సాయంత్రానికి బియ్యం వండుకోవచ్చు కూడా.

కాబట్టి తమరు ఈసారి దయచేయవద్దు. నిజంగా కృష్ణ గురించే కథ రాస్తే మేమే కబురు పెడతాం.

ఇట్లు,
పెద్దన్నయ్య ఏమన్నాడో ఇప్పటికీ తెలియని ప్రేక్షకులు

తా.క.: జవాబు రాయదలిస్తే కాగితం మీద రాయండి. వాయిస్ మెసేజ్ మాత్రం పెట్టొద్దు.